పాకెట్టుకూ ఉంది ఇంటిపేరు!

మీ బడిలో కంప్యూటరు ఒకటే, ఇంటర్నెట్ లైను ఒకటే అనుకోండి. పిల్లలు ఆ కంప్యూటరు ముందు కూర్చుని ఎక్కడో దూరాన ఉన్న శాస్త్రజ్ఞుణ్ణి ప్రశ్నలు అడుగుతున్నారు. అదే సమయంలో ఆ కంప్యూటరు తనలోని ఫైళ్ళన్నిటికీ నకళ్ళు తీసి మరోచోటికి పంపుతోంది. దాంతో మన ప్రశ్నలు అవతలివారికి ముక్కలు ముక్కలుగా వినిపిస్తాయి. నకళ్ళు రాత్రికి చేరినా నష్టం లేదు, మాట మాత్రం ఆగకూడదు. మరి వేటిని ఆపాలో కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది?

సమాచారం చిన్న చిన్న పాకెట్లుగా ప్రయాణిస్తుందని మీకు తెలుసు. సాధారణంగా పాకెట్టు మీద గమ్యం చిరునామాతో పాటు 0 నుంచి 65535 లోపు ఒక పోర్టు సంఖ్య ఉంటుంది. 25 అయితే ఉత్తరం, 80 అయితే వెబ్ పేజీ అని ఒకప్పుడు దాన్నిబట్టే పోల్చుకునేవారు. ఇప్పుడు చాలా పనులు 443 అనే ఒక్క ద్వారం గుండానే సాగుతున్నాయి. పైగా లోపలి సమాచారం రహస్య లిపిలో ఉంటుంది. మన మాటా, ఫైలు నకలూ పైకి ఒకేలా కనబడవచ్చు.

అందుకే పాకెట్టు ముఖం చూడటం మాని, దాని పుట్టుక చూడాలి. నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఏ పాకెట్టును ఏ ప్రాసెస్ పంపిందో కంప్యూటరు గుండెకాయ అయిన కెర్నెల్‌కు తెలుసు. అయితే ప్రాసెస్‌ల సంఖ్యలు రాసిపెట్టుకుంటే సరిపోదా? సరిపోదు. ఒక ప్రాసెస్ పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తుంది, వాటికి మళ్ళీ పిల్లలు! మనం జాబితా రాసేలోగా కొన్ని పని ముగించుకుని పోతాయి కూడా.

దీనికి లినక్స్‌లో ఉన్న ఉపాయం సీగ్రూప్. 2006లో గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనాజ్, రోహిత్ సేఠ్ దీన్ని మొదలుపెట్టారు. 2008 జనవరిలో అది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. ఇది అచ్చం మన ఇంటిపేరులాంటిదే. పిల్ల ప్రాసెస్ తల్లి గుంపులోనే పుడుతుంది. (మన ఇళ్ళలో పెళ్ళితో ఇంటిపేరు మారవచ్చు గాని, ఇక్కడ అధికారం ఉన్నవారు మారిస్తేనే మారుతుంది.) తర్వాత వచ్చిన నెట్‌సీఎల్‌ఎస్ అనే భాగం ఒక్కొక్క గుంపుకు 32 బిట్ల సంఖ్య ఇచ్చింది. 2016లో స్థిరపడిన రెండో సీగ్రూప్‌లో ఆ సంఖ్య లేదు. గుంపు పేరునే నేరుగా చూస్తారు.

ఇంటిపేరు తెలిశాక పంపకం తేలికే. లైను సెకనుకు 10 మెగాబిట్లు మోస్తే 8 మాటలకు, 2 నకళ్ళకు కేటాయించవచ్చు. మాటలు లేనప్పుడు నకళ్ళు ఆ 8ని కూడా అప్పు తెచ్చుకునేలా ఏర్పాటు చేయవచ్చు. రేషను దుకాణంలో ఇంత సౌకర్యం లేదు!

ఈ గుర్తు కంప్యూటరు గడప దాటదు. దారిలోని యంత్రాలకు అది కనబడదు. బయటినుంచి వచ్చే పాకెట్ల సంగతి వేరు. అవి మన గుమ్మం చేరేసరికే లైనును వాడేసుకుని ఉంటాయి.