తిరగాల్సింది పాదం కాదు, తుంటి

మా అమ్మాయికి లోవర్ హట్‌లో శనివారం బ్యాలే క్లాసు, ఆదివారం కూచిపూడి. రెండు చోట్లా టీచర్లు అడిగేది ఒక్కటే: మోకాళ్ళు పక్కలకు తెరుచుకోవాలి. ఒకరు ప్లియే అంటారు, ఒకరు అరమండి అంటారు. పోయిన చలికాలం ఇంట్లో కార్పెట్ మీద సాధన చేస్తుంటే, పాదాలు సరిగ్గా విప్పుకోలేదని నేనే వంగి రెండు పాదాలూ పట్టుకుని పక్కలకు తిప్పాను. "అమ్మా, మోకాలు!" అని అరిచింది. వారం రోజులు మోకాలి లోపలివైపు నొప్పి పోలేదు. తప్పు పూర్తిగా నాదే.

ఇక్కడ ఫిజియోథెరపిస్టు దగ్గరికి డాక్టరు చీటీ లేకుండానే వెళ్ళొచ్చు, వెళ్ళాం. బ్యాలేలో టర్నౌట్ అనేది ముఖ్యంగా తుంటి కీలు దగ్గర జరిగే పని అని అప్పుడు అర్థమైంది. తొడ ఎముక గుండ్రటి తల గిన్నెలాంటి కీలులో ఎంత తిరుగుతుందన్నది ఆ ఎముక మెలిక, గిన్నె ఎటు చూస్తోంది, ముందువైపు లిగమెంటు ఎంత బిగువు అన్నవాటి మీద ఉంటుంది. ఎముకల తీరు సాధనతో మారేది కాదు. రెండు పాదాలూ ఒకే గీతలోకి రావడం బహు కొద్దిమందికే సాధ్యం. తుంటి ఆగిపోయాక కూడా పాదాన్ని తిప్పితే ఆ మెలిక మోకాలి మీద పడుతుంది, అరికాలి వంపు లోపలికి కూలుతుంది. కార్పెట్ పాదాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి ఇంకా ప్రమాదం.

ఇంట్లో మనం చూడగలిగే పరీక్ష ఒకటుంది. పిల్ల ప్లియేలో గానీ అరమండిలో గానీ మోకాళ్ళు వంచినప్పుడు, మోకాలిచిప్ప కాలి రెండో వేలి మీదుగా రావాలి. బొటనవేలికి లోపలగా పడుతుంటే పాదాల మధ్య కోణం తగ్గించమనండి. చూడ్డానికి తక్కువగా అనిపిస్తుంది, కానీ నిజమైన టర్నౌట్ అదే.

పెంచుకోగలిగేది పిరుదుల లోపలి చిన్న కండరాల బలం. పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ళు వంచి, మడమలు కలిపే ఉంచి పై మోకాలిని మెల్లగా ఎత్తాలి. నడుము వెనక్కి దొర్లకూడదు. పదిసార్లు చాలు. నొప్పి వస్తే మాత్రం ఆపేయాలి. కాళ్ళ కింద తిరిగే పళ్ళాలు అమ్ముతున్నారుగా, టీచరు చెప్పనిదే వాటి జోలికి పోవద్దు.

బ్యాలెన్స్ కూడా ఇక్కడినుంచే. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ: ఈ మూడూ నేలకు ఆనితేనే ఒంటికాలి మీద నిలకడ. పాదం లోపలికి ఒరిగితే ఆ ముక్కాలిపీట కూలినట్టే. మన తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచున నిలబడే నర్తకి పాదాల్ని ఒకసారి గమనించండి, ఎంత మెలకువగా ఉంటాయో!

లోవర్ హట్‌లోని పెటోనిలో 1939లో పుట్టిన జాన్ ట్రిమ్మర్ 1958లో న్యూజీలాండ్ బ్యాలేలో చేరి, డెబ్బయ్యేళ్ళు దాటాక కూడా వేదిక ఎక్కారు. కాళ్ళు అన్నాళ్ళు పనిచేయాలంటే పదేళ్ళప్పుడు మోకాళ్ళు మెలిపెట్టే తొందర ఎందుకు మనకి?

ఇప్పుడు పాదాల కోణం తనే చూసుకుంటుంది, నేను చెయ్యి పెట్టను. పళ్ళు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడుతుంది. పక్కన నేనూ నిలబడతాను. పన్నెండు లెక్కపెట్టేసరికి నా రెండో కాలు నేల మీదికి వచ్చేస్తుంది.