కొవిడ్ కాలంలో చేవెళ్ల దారి పట్టిన సైకిళ్లు

చేవెళ్ల: హైదరాబాద్ పశ్చిమ శివారులోని పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల రహదారి. ఇరువైపులా తొమ్మిది వందలకు పైగా మర్రి వృక్షాలు. పాతతరం వారు బీజాపూర్ రోడ్డుగా పిలుచుకునే ఈ దారిపై 2020 వేసవి వరకు సైకిల్ అంటే పాలక్యాన్లు వేలాడదీసుకున్న రైతుదో, బడికి వెళ్లే విద్యార్థిదో అయి ఉండేది. ఆ ఏడాది జూన్ నుంచి దృశ్యం మారింది. శని, ఆదివారాల్లో తెల్లవారేసరికి హెల్మెట్లు ధరించిన నగరవాసులు వికారాబాద్ కొండల వైపు సాగిపోవడం మొదలైంది. కరోనా మహమ్మారి ప్రపంచాన్ని ఇళ్లకు కట్టిపడేసిన కాలంలో ఈ వారాంతపు విహారం ఎలా సాధ్యమైంది, దారిలోని పల్లెలు దానిని ఎలా స్వీకరించాయి అన్నది ఆసక్తికరమైన విషయం.

అన్నీ మూతపడిన వేళ

2020 మార్చి 22 నాటి జనతా కర్ఫ్యూ తర్వాత రైళ్లు, బస్సులు ఎక్కడికక్కడ నిలిచిపోయాయి. జిల్లాల్లో ఆర్టీసీ బస్సులు మే 19న తిరిగి రోడ్డెక్కినా, నగర బస్సులు సెప్టెంబరు 25 వరకు కదలలేదు. సినిమా హాళ్లు లేవు, పాఠశాలలు లేవు. వ్యాయామశాలలకు ఆగస్టు వరకు అనుమతి రాలేదు. నాలుగు గోడల మధ్య కంప్యూటరు ముందు ఉద్యోగం, అక్కడే భోజనం, అక్కడే నిద్ర. మరొకరి శ్వాస తగలకుండా బయటి గాలి పీల్చుకోవడానికి మిగిలిన కొద్ది మార్గాల్లో సైకిల్ ఒకటైంది. దేశవ్యాప్తంగా 2020 మే నుంచి సెప్టెంబరు వరకు ఐదు నెలల్లో సుమారు 41.8 లక్షల సైకిళ్లు అమ్ముడుపోయినట్లు తయారీదారుల సంఘం లెక్కలు తెలిపాయి. గేర్ల సైకిళ్ల కోసం కొన్నిచోట్ల నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

బయలుదేరే వేళను కూడా ప్రభుత్వ ఉత్తర్వులే నిర్ణయించాయి. జూన్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 5 గంటల వరకు, జులైలో రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు కర్ఫ్యూ అమల్లో ఉంది. ఎండ ముదరకముందే తిరిగి రావాలనుకునేవారు నాలుగు గంటలకే కదలాలని చూస్తారు. ఆగస్టులో రాత్రి కర్ఫ్యూ తొలగే వరకు ఆ వీలు లేకపోయింది. రెండో దశలో, 2021 మే 12న రాష్ట్రంలో లాక్‌డౌన్ విధించినప్పుడు సడలింపు ఉదయం 6 నుంచి 10 గంటల వరకే. అది నిత్యావసరాల కోసం ఇచ్చిన సమయమే తప్ప విహారం కోసం కాదు.

మూసీకి ఎదురీత

ఈ దారినే ఎంచుకోవడానికి భౌగోళిక కారణం ఉంది. మూసీ నది అనంతగిరి కొండల్లో పుట్టి తూర్పుగా ప్రవహించి నగరం చేరుతుంది. అంటే, మధ్యమధ్య ఎత్తుపల్లాలు ఎన్ని ఉన్నా, మొత్తం మీద నగరం నుంచి కొండలకు వెళ్లే దారి ఎగువకు, తిరుగు దారి దిగువకు సాగుతుంది. పైగా వానాకాలంలో నైరుతి గాలులు పడమటి దిక్కు నుంచి వీస్తాయి. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, ఎదురుమిట్ట. వచ్చేటప్పుడు గాలీ, వాలూ రెండూ తోడ్పడతాయి. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే కష్టం ముగిసి, అలసిన వేళకు సుఖం మిగలడం ఈ దారి ప్రత్యేకత. ఇదే ప్రయాణాన్ని తారుమారు చేసి చూస్తే విహారం శిక్షగా మారుతుంది.

పల్లె ఇంత దగ్గరలో దొరకడానికి మరో కారణం జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో వెలువడిన ఈ ఉత్తర్వు 84 గ్రామాల పరిధిలో నిర్మాణాలను కట్టడి చేసింది. అందుకే నగరం దాటిన కొద్దిసేపటికే పూలతోటలు, టమాట చేలు, మొక్కజొన్న కనిపిస్తాయి. ఆ ఆంక్షలను సడలిస్తూ 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు ఉత్తర్వు వచ్చింది. ఆ చేలు ఎన్నాళ్లుంటాయన్నది స్థానికంగా చర్చనీయాంశమే.

గమ్యస్థానమైన అనంతగిరికి ఈ సందర్భంలో మరో ప్రాధాన్యం ఉంది. నిజాం కాలంలో ఇక్కడ క్షయ రోగుల కోసం చికిత్సాలయం నెలకొల్పారు. మందులు అంతగా అందుబాటులో లేని రోజుల్లో ఊపిరితిత్తుల జబ్బుకు కొండగాలి, విశ్రాంతే ఔషధాలని భావించేవారు. దశాబ్దాల తర్వాత మళ్లీ ఒక శ్వాసకోశ వ్యాధికి భయపడి జనం అదే కొండకు రావడం కాకతాళీయమే.

ముళ్లకంప అవతల

పల్లె ప్రజల అనుభవం వేరు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలంగాణలోని అనేక గ్రామాలు పొలిమేరల్లో ముళ్లకంపలు, దుంగలు అడ్డంగా వేసి బయటివారిని రానివ్వలేదు. తాండూరు, కొడంగల్, పాలమూరు ప్రాంతాల నుంచి ముంబయి, పుణెలకు వలస వెళ్లి తిరిగొచ్చిన సొంత మనుషులనే ఊరి బయట, పొలాల దగ్గర ఉంచిన సందర్భాలున్నాయి. అటువంటి చోటికి, కేసులు అధికంగా నమోదవుతున్న నగరం నుంచి కొత్త ముఖాలు వచ్చి మంచినీళ్లు అడగడం సహజంగానే కలవరపరిచింది. నగరవాసికి ఊరు స్వచ్ఛమైన గాలి. ఊరికి నగరవాసి రోగభయం. ఈ రెండింటిలో ఏదీ తప్పని చెప్పలేం.

మరోవైపు, పెళ్లిళ్లు, గుళ్లు నిలిచిపోవడంతో పూలు కొనేవారు లేక రైతులు నష్టపోయిన కాలమది. దారిపక్కన కాల్చిన మక్కజొన్న కంకులు, వానాకాలం చివర సీతాఫలాలు అమ్ముకునే వారికి సైకిల్‌పై వచ్చినవారు కూడా గిరాకీయే. కారులో వెళ్లేవారు దుకాణాన్ని దాటిపోతారు. సైకిల్ తొక్కేవారికి మాత్రం ఆకలి, దప్పిక ఆగనివ్వవు.

అదే వేసవిలో, అదే సైకిల్‌పై, వేరే ప్రయాణాలూ సాగాయి. గాయపడిన తండ్రిని వెనుక కూర్చోబెట్టుకుని గుడ్‌గావ్ నుంచి బిహార్‌లోని దర్భంగా వరకు సుమారు 1200 కిలోమీటర్లు తొక్కిన పదిహేనేళ్ల బాలిక కథ దేశమంతా తెలిసిందే. వేల మంది వలస కూలీలు పాత సైకిళ్లు కొనుక్కుని ఇళ్లకు బయలుదేరారు. వారికి అది విహారం కాదు.

మాస్కు పెట్టాలా, వద్దా?

తెలంగాణలో 2020 మే నుంచి బహిరంగ ప్రదేశాల్లో మాస్కు లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా విధించారు. అయితే వ్యాయామ సమయంలో మాస్కు వద్దని, చెమటకు తడిసి శ్వాసకు అడ్డవుతుందని, దూరం పాటించడమే ముఖ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే ఏడాది జూన్‌లో తెలిపింది. ఒంటరిగా సైకిల్ తొక్కేవారికి మాస్కు తప్పనిసరి అంటూ మార్గదర్శకాలేవీ ఇవ్వలేదని, గుంపుగా వెళ్తే ధరించాలని కేంద్ర ఆరోగ్య శాఖ సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఒకే మనిషి ఒంటరిగా తొక్కుతున్నంతసేపూ మాస్కు జేబులో ఉండవచ్చు, టీ కొట్టు దగ్గర ఆగగానే అది ముఖానికి రావాలి. ఆచరణలో చాలామంది తిరగేసి చేశారు. రోడ్డుపై మాస్కుతో ఆయాసపడి, టీ తాగుతూ దానిని గడ్డం కిందికి లాగారు. వైరస్ ప్రధానంగా గాలి ద్వారానే వ్యాపిస్తుందన్న అవగాహన స్థిరపడిన తర్వాత చూస్తే, ప్రమాదం దారిలో కంటే ఆగిన చోటే ఎక్కువని అర్థమవుతుంది.

చిన్న ముక్క లేక పెద్ద చిక్కు

దారిలో చక్రం పంక్చరైతే పరిస్థితి ఏమిటన్నది ఆ రోజుల్లో చిన్న ప్రశ్న కాదు. ప్యాసింజర్ రైళ్లు లేనందున వికారాబాద్ జంక్షన్ నుంచి సైకిల్‌తో సహా తిరిగి రావడం కుదరదు. ఊళ్లో పంక్చర్ దుకాణం తెరిచి ఉన్నా మరో సమస్య. పాతకాలపు సైకిళ్లకు ఒక రకం వాల్వు, మోటారు సైకిళ్లకు మరో రకం. ఖరీదైన రేసు సైకిళ్ల ట్యూబులకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటుంది. దానికి గ్రామీణ దుకాణాల్లోని పంపు పట్టదు. కొద్ది రూపాయల ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే అదే పంపుతో గాలి నింపుకోవచ్చు. అది లేక వేలకు వేలు పెట్టి కొన్న సైకిల్‌ను నడిపించుకుంటూ పోయినవారిని, గాలి నిండిన పాత సైకిల్‌పై పాలక్యాన్ల రైతు దాటిపోయేవాడు.

మళ్లీ నిండిన రోడ్డు

సైక్లిస్టులను ఈ దారికి రప్పించిన అసలు ఆకర్షణ మర్రి నీడ ఒక్కటే కాదు, వాహనాలు లేని రోడ్డు. ఆంక్షలు తొలగి టిప్పర్లు, బస్సులు, కార్లు తిరిగి రావడంతో అది ముగిసింది. రెండు వరుసల ఇరుకు దారి, మలుపులు, గుంతలు యథాతథంగా ఉన్నాయి. విస్తరణకు చెట్లు తొలగించరాదంటూ పర్యావరణవాదులు వేసిన కేసు జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో ఏళ్ల తరబడి నడిచింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ సమీపంలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోవడంతో, రోడ్డు వెంటనే వెడల్పు చేయాలన్న డిమాండు మరింత బలపడింది. నిత్యం ఈ దారిన బస్సెక్కే కుటుంబాలకు నీడ కంటే ప్రాణం ముఖ్యమన్న వాదనను కాదనడం కష్టం. చెట్లను కాపాడుతూనే విస్తరించవచ్చన్నది మరో వర్గం మాట.

నగరంలో మాత్రం సైకిల్‌కు కొంత చోటు దక్కింది. బాహ్యవలయ రహదారి వెంట సౌర ఫలకాల పైకప్పుతో నిర్మించిన 23 కిలోమీటర్ల సైకిల్ బాటను 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. అందులో నానక్‌రాంగూడ నుంచి వచ్చే ఎనిమిదిన్నర కిలోమీటర్ల భాగం సరిగ్గా పోలీసు అకాడమీ కూడలి దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ వెళ్లదలచిన సైక్లిస్టు టిప్పర్ల పక్కనే, రోడ్డు అంచున తొక్కాల్సిందే.