పక్క సీటులో కూర్చున్నవారు

మా ఇంటికి కొత్త డ్రైవరు వచ్చాడు. పన్నెండేళ్ళు విశాఖ రేవులో ట్రైలరు నడిపినవాడు. కాన్వెంట్ జంక్షన్ నుంచి షీలానగర్ దాకా, గాజువాక దాకా రాత్రనక పగలనక బరువులు తోలిన మనిషికి మా చిన్న కారొక లెక్కా అనుకున్నాం. మొదటి రోజే గేటు స్తంభానికి రాసేశాడు.

ముందుకు నడిపితే వంక పెట్టడానికి లేదు. జగదాంబ రద్దీలో కూడా కంగారు పడడు. వెనక్కి తీసి ఇంట్లో పెట్టాలంటేనే చిక్కు. మా వీధి ఏటవాలు, గేటు ఇరుకు. పైగా మేము "కుడికి" అంటే, అమ్మగారు వరండాలోంచి "ఎడమకి" అంటారు, ఎదురింటివారు "ఆపు, ఆపు" అంటారు. వారం తిరగకుండా వెనక లైటు కూడా పగిలింది. జీతంలో పట్టుకోండని సంఘ పెద్ద ఒకరు సలహా ఇచ్చారు. దాచడమెందుకు, ఆ ఆలోచన మాకూ వచ్చింది.

ఆ రాత్రి అతనే వచ్చి నిలబడ్డాడు. "అయ్యగారూ, ఇంకొకర్ని చూసుకోండి. ఈ బండికి నా చేతులు పడట్లేదు" అన్నాడు. ఇంట్లో ఇద్దరు పిల్లల చదువులున్న మనిషి ఆ మాట అనడానికి ఎంత నలిగాడో!

మర్నాడు ఖాళీ మైదానానికి తీసుకువెళ్ళి, "ట్రైలరును వెనక్కి ఎలా తీస్తావు బాబూ?" అని అడిగాం. ఇన్నాళ్ళకు అడిగిన మొదటి ప్రశ్న అది. రెండు అగ్గిపెట్టెలు కలిపి చూపించాడు. ముందు ఇంజను బండి, వెనక ట్రైలరు, మధ్యలో కీలు. ట్రైలరు తోక ఎడమకు పోవాలంటే స్టీరింగు ముందు కుడికి తిప్పాలట. కారు అలా కాదు, తోక ఎటు పోవాలో స్టీరింగూ అటే. పన్నెండేళ్ళ అలవాటున్న చేతులు మేము అరిచిన ప్రతిసారీ ఎదురు తిరుగుతున్నాయి! మేము "కుడికి" అన్నది స్టీరింగు గురించా, తోక గురించా? మాకే తెలియదు.

యాకోబు పత్రిక మూడో అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. అంత పెద్ద ఓడనూ చిన్న చుక్కాని తిప్పుతుందని, నాలుకా అలాంటిదేనని చెబుతూ వచ్చాం. పక్క సీటులో మాత్రం అది గుర్తు రాలేదు.

ఈ ఊరివారికి ఓడ సంగతి కొత్త కాదు. 1933లో తెరిచిన మన లోపలి రేవులోకి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు కాలువలోంచే రావాలి. సముద్రాలు దాటివచ్చిన కెప్టెనుకైనా ఇక్కడి నీళ్ళు తెలిసిన పైలట్ పడవలో ఎదురెళ్ళి, ఓడెక్కి దారి చెబుతాడు. అయినా ఓడకు కెప్టెను కెప్టెనే. పైలట్ వచ్చాడని ఆయన గౌరవం తగ్గదు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక్క గొంతే. అదీ తోక గురించే. స్తంభాలకు బదులు రెండు రాళ్ళు పెట్టాం, తగిలినా నష్టం లేదు. వెనక చక్రం కనబడేలా ఎడమ అద్దాన్ని కాస్త కిందికి వంచాం. క్లచ్ సగం వదిలి నడక వేగంతో రమ్మన్నాం. వీధిలో ఆపినప్పుడు హ్యాండ్‌బ్రేకుతో పాటు, ముక్కు పల్లానికి ఉంటే రివర్సు గేరు, ఎత్తుకు ఉంటే మొదటి గేరు వేసి ఉంచాలి. పల్లానికి ఆపితే ముందు చక్రాలు గట్టువైపు తిప్పాలి. ఈ చివరి మాటలు చెప్పబోతే నవ్వాడు. లోడుతో ఉన్న ట్రైలరును వాలులో ఆపినవాడికా మేము చెప్పేది! చక్రం కింద రాయి పెట్టడం అతనే మాకు నేర్పాడు.

లైటు ఖరీదు మేమే పెట్టుకున్నాం. స్తంభం మీద గీత అలాగే ఉంది. ఇప్పటికీ అలసిపోయిన సాయంత్రాల్లో చేతులు పాత దారి పడతాయి. అప్పుడు బండి ఆపి, దిగి, వెనక్కి వెళ్ళి చూసుకుని, మళ్ళీ ఎక్కుతాడు. వెనక స్కూటర్లు హారన్లు మోగిస్తుంటాయి. మేము నోరు మూసుకుని కూర్చుంటాం. అమ్మగారు వరండాలోంచి లోపలికి వెళ్ళిపోతారు.