జాడీయు విశ్రాంతియు

ఉపాధ్యాయవృత్తి నుండి విరమించిన యేఁట నాకు ఊరక కూర్చుండుట చేతఁ గాలేదు. ఇంట ఆవకాయ పెట్టిన మఱునాఁడే జాడీ వాసెన విప్పి, తడిగరిటెతోఁ గలిపితిని. ఆషాఢమునకు బూజు పట్టి, ఏఁటికి సరిపడు ఊరగాయ యంతయుఁ బాఱవేయవలసివచ్చెను.

కారణము వినుఁడు. ఉప్పు మామిడిముక్కలలోని నీటిని వెలికిఁ దీయును. ఆ నీరు పులుపుతోఁ గూడి ఊట యగును. ఉప్పును బులుపును మెండుగాఁ గల యూటలోఁ గుళ్ళఁజేయు సూక్ష్మజీవులు పెరుగఁజాలవు. పైకిఁ దేలిన నువ్వులనూనె గాలి సోఁకనీయదు. తడి చేరినచో ఉప్పు పలుచనయై బూజునకుఁ జోటు దొరకును. కావుననే మూఁడవనాఁడు ఊట దిగిన పిదపఁ దడిలేని గరిటెతోఁ దిరుగఁ గలుపుదురు.

మఱుసటి వేసవిలో నా భార్య జాడీకి వాసెన కట్టి, “మూఁడునాళ్ళు దీని జోలికిఁ బోకుఁడు. మీరును గూర్చుండుఁడు” అనెను. కూర్చుంటిని. అరుగుమీఁద మనుమనికిఁ బద్యము చెప్పితిని, మధ్యాహ్నము నిద్రించితిని. మూఁడవనాఁడు వేఁడియన్నములోఁ దొలిముద్ద ఆమెయే కలిపి పెట్టెను.

జాడీ కదలదు, పని మాత్రము లోపల జరుగుచునే యుండును. మనుష్యుని విశ్రాంతియు నట్టిదే. ఈ వేసవిలో మీ యింట వాసెన కట్టిన పిదప మూఁడునాళ్ళు మీరును విశ్రమింపుఁడు.