కణితుల జాడ తీయు కిరణములు

మన జీర్ణాశయము, పేగులు, క్లోమము, ఊపిరితిత్తులు మొదలగు అవయవములలో హార్మోనులను తయారుచేయు ప్రత్యేక కణములు చెదురుమదురుగా కలవు. వీటినుండి పుట్టు కణితులను నాడీ వినాళ కణితులందురు. ఇవి శనగగింజంత పరిమాణములో, బాధ కలిగింపకుండ, సంవత్సరములకొలది దాగియుండవచ్చును. బయటపడునప్పటికి కాలేయమునకు వ్యాపించియుండుటయు కద్దు. కణితి ఎచట నున్నది, ఎంతవరకు ప్రాకినది అని తెలిసినగాని శస్త్రచికిత్స చేయవలెనా, వలదా అని నిర్ణయింపజాలరు.

ఎక్సురే కణితి ఆకారమును చూపును. రేడియోధార్మిక చిత్రణము దాని స్వభావమును చూపును. ఎట్లన, ఈ కణితులలో పెక్కింటి కణములపై సోమటోస్టాటిన్ అను హార్మోనును పట్టుకొను గ్రాహకములు మెండుగా నుండును. 1973లో కనుగొనబడిన ఈ హార్మోను రక్తములో కొలది నిమిషములకే నశించును. కావున దానిని పోలి, ఎక్కువసేపు నిలుచు పదార్థమును తయారుచేసి, దానికొక రేడియోధార్మిక పరమాణువును తగిలించి, సూదిద్వారా ఎక్కింతురు. అది కణితిని అంటిపెట్టుకొని, అచటినుండి కిరణములను వెలువరించును.

పాత పద్ధతిలో ఆ పరమాణువు ఇండియం-111. దాని అర్ధజీవితకాలము 2.8 దినములు. గామా కెమేరా ముందు సన్నని రంధ్రములుగల సీసపు పలక యుండును. తిన్నగా వచ్చు కిరణములే లోనికి పోవును. తక్కినవన్నియు సీసములో ఆగిపోవును. అందుచే చిత్రము మసకగా నుండును. చిన్న కణితులు తప్పించుకొనవచ్చును. పైగా చిత్రములను 4 గంటలకు, మరల 24 గంటలకు తీయవలసియుండును.

క్రొత్త పద్ధతిలో గాలియం-68 వాడుదురు. దాని అర్ధజీవితకాలము 68 నిమిషములే. అది విడుదలచేయు పాజిట్రాన్, దగ్గరి ఎలక్ట్రాన్‌తో కలిసి నశించి, రెండు గామా కిరణములుగా మారును. ఇవి ఎదురెదురు దిక్కులకు పోవును. రోగి చుట్టునున్న వలయాకార పరికరము రెండింటిని ఒక్కసారిగా గుర్తించినచో, అవి పుట్టినచోటు ఆ రెండు బిందువులను కలుపు సరళరేఖపై నున్నట్లే గదా! ఇట్టి రేఖలనేకము కలిసిన తావే కణితి. సీసపు పలకతో పనిలేదు. కొలది మిల్లీమీటర్ల కణితియు కనబడును. సుమారు ఒక గంటకే చిత్రము తీయవచ్చును.

అయినను ఏ ఒక్క పద్ధతియు అన్నిటికి చాలదు. అడ్రినల్ గ్రంథులలో పుట్టు కొన్ని కణితులకు అయోడిన్-123 కలిపిన వేరొక మందు ఉపయోగపడును. వేగముగా పెరుగు కణితులు గ్రాహకములను పోగొట్టుకొనవచ్చును. అట్టివి గాలియం చిత్రములో కనబడవు. కాని వేగముగా పెరుగు కణములు గ్లూకోజును అధికముగా గ్రహించును. కావున ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజు వాటిని బయటపెట్టును. చిత్రములో ఏమియు కనబడకపోవుట ఎల్లప్పుడును శుభసూచకము కాదని దీనివలన తెలియుచున్నది.

గాలియంతో చక్కగా కనబడు కణితులకు మరొక ప్రయోజనము కలదు. అట్టి పదార్థమునకే లుటీషియం-177 తగిలించినచో, దాని బీటా కిరణములు కణితిని లోపలినుండియే దెబ్బతీయును. అమెరికాలో ఈ చికిత్సకు 2018లో అనుమతి లభించినది. ముందు జాడ తీసిన మార్గముననే పిమ్మట మందును పంపుట ఇందలి విశేషము.