కూలి నడిగిన పల్లెలు

సూర్యాపేటనుండి జనగామకు పోవు బాటలో తిరుమలగిరి కలదు. నేడది సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రము. 1940వ దశకమున ఈ చుట్టుపట్ల భూమికొరకు జరిగిన పోరాటమును గూర్చి విననివా రరుదు. దానితో పెనవేసికొనియే సాగిన కూలి పోరాటమును గూర్చి మాత్రము మన పాఠములు ఒకటి రెండు వాక్యములతో సరిపుచ్చును.

కూలి యడుగుట నేడు సామాన్యమైన మాట. నిజాము పాలనలోని నల్లగొండ జిల్లాలో అది సాహసము. అచట రెండు విధములైన బంధములుండెను. మొదటిది వెట్టి. చాకలి, కుమ్మరి, మాదిగ మున్నగు కులములవారు దొరలకును, గ్రామమునకు వచ్చు అధికారులకును ప్రతిఫలము లేకయే ఊడిగము చేయవలెను. రెండవది భగేలా. పాలేరు తాను తీసికొన్న అప్పుక్రింద దొరయింట పనిచేయును. అప్పు తీరదు, తండ్రి బాకీ కొడుకు తలకెక్కును. గింజలు అప్పు తెచ్చుకొన్నచో నాగుపేర గింజలే వడ్డీగా పెరుగును. ఇట్టివాడు కూలిరేటును గూర్చి మాటాడుట యెట్లు?

శాసనములు లేకపోలేదు. 1923లో వెట్టిని నిషేధించుచు ఫర్మానా వెలువడెను. 1936లో భగేలా ఒప్పందములను కట్టడిచేయు శాసనము వచ్చెను. కాని గ్రామమున సర్కారు పేరిట అధికారము చెలాయించువారే వెట్టి పుచ్చుకొనువారు. కావున ఆ కాగితములు పల్లె పొలిమేర దాటలేదు.

1941లో కోదాడ సమీపమునందలి చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ సమావేశమయ్యెను. 1944లో భువనగిరి మహాసభకును ఆయనయే అధ్యక్షుడు. ఆ కాలముననే సభ్యత్వపు రుసుము రూపాయినుండి అణాకు దిగెను. రూపాయి చెల్లింపలేని పాలేరు అణా చెల్లించి సభ్యుడు కాగలిగెను. చదువుకొన్నవారి సభ పల్లెవారి నోట ‘సంగం’ అయ్యెను. వెట్టి రద్దుతోపాటు కూలిపెంపుకూడ దాని కోరికలలో చేరెను.

తుంగతుర్తి ప్రాంతమునందలి కరివిరాల కొత్తగూడెమున, భూస్వామి కుటుంబములో 1931లో జన్మించిన మల్లు స్వరాజ్యము పదునొకండవ యేటనే సభ పిలుపు నందుకొని కూలీలకు బియ్యము పంచెను. దీనిని కేవలము దయాగుణమని తలంచుట చాలదు. పనిమానిన కూలివానికి తిండిగింజలే మొదటి ఆయుధము. ఏలయన, పొలముపని సమ్మెకును కర్మాగారపు సమ్మెకును భేదము కలదు. నారు ముదిరిన నాటు చెడును. పండిన పైరు కోయకున్న గింజ రాలును. ఆ కొలది దినములే కూలివాని బలము. అయితే ఆ దినములలోనే వాని కుండ ఖాళీ. దొర గాదె నిండియుండును. అందుచే ఊరంతయు ఒక్కమాటపై నిలువవలెను. పొరుగూరినుండి మనుష్యులను రప్పించినచో ఆ కట్టు తెగును గనుక పొరుగూరను గూడ సంఘము పుట్టవలెను.

ఇంకొక చిక్కుగూడ నుండెను. సంఘములో కూలీలు మాత్రమే కాదు, చిన్నరైతులును, కొంత కలిగినవారును ఉండిరి. వెట్టి పోవలెనని అందరును కోరిరి. కూలి పెరుగవలె ననునప్పుడు మాత్రము కొందరు తమ కల్లములోని గింజలనే కొలిచి యీయవలసి వచ్చెను. న్యాయమును దొరయెదుట అడుగుట ఒక ఎత్తు. అదే న్యాయమును తన కుంచముతో కొలుచుట మరియొక ఎత్తు.

1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొర మనుష్యుల తుపాకిగుండ్లకు దొడ్డి కొమరయ్య నేలకొరగెను. అటుపిమ్మట ఆందోళనము సాయుధ పోరాటమై, 1951 అక్టోబరులో విరమింపబడెను. ఈ నడుమనే 1948లో కనీస వేతనముల చట్టము వచ్చెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించెను. అయినను వెట్టిచాకిరి నిర్మూలనకు 1976లో మరల ప్రత్యేక శాసనము చేయవలసివచ్చెను. 1923నుండి 1976 వరకు ఒక్క దురాచారమునకు ఇన్ని శాసనములు ఏల కావలసివచ్చెనో విద్యార్థులు ఆలోచింపదగును.

ఈ ప్రాంతపు ఉపాధ్యాయులు తమ విద్యార్థులచే ఒక చిన్నపని చేయింపవచ్చును. నాట్లకు, కోతలకు పూర్వము ఎన్ని మానికల గింజలు కూలిగా కొలిచెడివారో, ఆ కొలత ఎప్పుడు, ఎవరు అడిగినందున మారినదో, తమ పెద్దలు వారి తల్లిదండ్రులవలన విన్నది వ్రాయించవలెను. ఆ వ్రాతలు మన చరిత్ర పుస్తకములకు కొరతపడిన పుటలు.