కొలువు ఊడితే: బెంచీ మీద మాట, కోర్టులో మాట

నందికొండ హిల్‌కాలనీలో చాయ్ హోటల్ బెంచీ మీద పది నిమిషాలు కూర్చుంటే సర్వీసు రూల్స్ మీద ఒక క్లాసు పూర్తవుతుంది. నాగార్జునసాగర్ డ్యామ్ కోసం పుట్టిన ఊరు మరి. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసినప్పటి నుంచి దినకూలీల మస్టర్‌లోనో, వర్క్‌చార్జ్‌డ్‌లోనో, పర్మనెంటుగానో పేరు రాయించుకున్నవాళ్లు ఇక్కడ ఏ గల్లీలోనైనా దొరుకుతారు. వాళ్ల అనుభవానికి వంక పెట్టలేం, చెప్పే చట్టమే సగం సగం.

అపోహ: సర్కారు కొలువు రాజ్యాంగం ఇచ్చింది, గుంపుగా ఎవరూ తీసెయ్యలేరు.

311వ అధికరణ కాపాడేది శిక్ష నుంచి. తప్పు మోపి డిస్మిస్ చెయ్యాలంటే మామూలుగా చార్జిమెమో, విచారణ, జవాబు చెప్పుకునే అవకాశం ఉండాలి. పోస్టునే ఎత్తేస్తే అది శిక్ష కిందికి రాదు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో తెలంగాణలో పటేల్-పట్వారీలను, ఆంధ్రలో కరణం-మునసబులను ఇంటికి పంపింది. వాళ్లు సుప్రీంకోర్టు దాకా పోయి 1985లో ఓడిపోయారు. 2020లో తెలంగాణలో వీఆర్వో పోస్టులు రద్దయినప్పుడు మాత్రం మనుషులు మిగిలారు, 2022లో వేరే శాఖల్లో సర్దారు. అందుకే ఆర్డరు చేతికి రాగానే చూడాల్సింది ఒకటే: తీసింది మనిషినా, పోస్టునా?

అపోహ: సుప్రీంకోర్టులో ఓడితే ఇక కథ కంచికే.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఇప్పటి పిల్లలకు తెలియదు. 1983 ఫిబ్రవరిలో ఉమ్మడి రాష్ట్రంలో రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కు దించారు. ఆ నెల 28న ఒకే సాయంత్రం 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, 10 వేల దాకా ప్రభుత్వరంగ సంస్థలవాళ్లు దండలు మెడలో వేసుకుని గేటు దాటారు. 1985 జనవరిలో కె. నాగరాజు కేసులో సుప్రీంకోర్టు వయసు దించడంలో తప్పులేదంది. అయితే ఈలోగా, 1984 ఆగస్టులో, ప్రభుత్వమే వయసును మళ్లీ 58కి పెంచింది. పెంచుతూ, నడుమ ఇంటికి పోయినవాళ్లను వదిలేసింది. వకీళ్లకు పట్టు అక్కడ దొరికింది. 1985లోనే బి. ప్రభాకరరావు కేసులో, 58 నిండనివాళ్లను తిరిగి తీసుకోమని అదే కోర్టు చెప్పింది. ‘ఎందుకు దించారు’ అన్న వాదన ఓడింది. ‘పెంచినప్పుడు మమ్మల్నెందుకు వదిలారు’ అన్నది గెలిచింది.

అపోహ: సమ్మెకు పోతే ‘సెల్ఫ్ డిస్మిస్’.

2019 అక్టోబర్ 5న మొదలైన ఆర్టీసీ సమ్మెలో దాదాపు 48 వేల మందికి తగిలించిన మాట ఇది. నాకు తెలిసి ఏ సర్వీసు రూల్ పుస్తకంలోనూ ఇది లేదు. కొలువు తియ్యాలంటే నోటీసు, విచారణ, సంతకమున్న ఆర్డరు కావాలి. 52 రోజుల తర్వాత సమ్మె విరమించారు, మరో నాలుగు రోజులకు డ్యూటీ ఎక్కారు. ఒక మెలిక ఉంది: ఆర్టీసీవాళ్లు కార్పొరేషన్ ఉద్యోగులు కాబట్టి 311 వర్తించదు. వాళ్లకు సంస్థ రెగ్యులేషన్లు, కార్మిక చట్టాలే దిక్కు. సమ్మె ప్రాథమిక హక్కు అని మాత్రం ఎవరూ మురిసిపోవద్దు. లక్షమందికి పైగా తమిళనాడు ఉద్యోగులను ఊడబీకిన 2003 కేసులో సుప్రీంకోర్టు కాదనే చెప్పింది, చెబుతూనే చాలామందిని వెనక్కి తీసుకునేలా చేసింది.

అపోహ: ఐదేళ్లు మస్టర్‌లో ఉంటే పర్మనెంటు.

మా పక్క క్వార్టర్ పెద్దాయన పాలిథీన్ కవరులోంచి మస్టర్ జిరాక్సులు తీసి చూపించారు. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ఆయన నమ్ముకున్నది 1994 నాటి 212 జీవో. అది 1993 నవంబర్ 25 నాటికి ఐదేళ్లు నిండినవాళ్లకే, ఆ తర్వాత చేరినవాళ్లకు కాదు. 2006లో సుప్రీంకోర్టు ఉమాదేవి తీర్పు దొడ్డిదారి నియామకాలకు గడియ పెట్టింది. అట్లాగని ఆ జిరాక్సులు చిత్తుకాగితాలు కావు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి తీసేస్తే ముందస్తు నోటీసు, నష్టపరిహారం ఇవ్వాలి. పంజాబ్ కేసులో 1988లో సుప్రీంకోర్టు ఇరిగేషన్ శాఖను కూడా ‘పరిశ్రమ’ కిందే లెక్కగట్టింది. ఆ రోజుల లెక్క తేల్చేది మస్టరే.

అపోహ: ముందు ట్రిబ్యునల్‌కు పోవాలి.

తెలంగాణకు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ 2016లోనే పోయింది. రాష్ట్ర ఉద్యోగి 226వ అధికరణ కింద నేరుగా హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. దానికి గట్టి గడువు లేదుగానీ, ఏళ్ల తర్వాత పోతే ‘ఇన్నాళ్లూ ఏం చేశావు’ అని జడ్జి అడుగుతారు. కేంద్ర ఉద్యోగికి మాత్రం క్యాట్ (సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్) ఉంది, ఆర్డరు వచ్చిన ఏడాదిలోపు గుమ్మం ఎక్కాలి. పోస్టులో ఆర్డరు వస్తే ఆ కవరు పారెయ్యకండి, దాని మీద పోస్టు ముద్ర తేదీ ఉంటుంది.